కిరాణా కొట్టులో కూర్చునే విశ్వాసికి రోజువారీ శిష్యత్వం: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొట్టుగుమ్మం (ప్రశ్న)

అందరికీ వందనాలు. నేనూ మా ఆయనా కలిసి ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతాం. పొద్దున ఆరింటికి తలుపు తీస్తే రాత్రి పదింటికి వేస్తాం. పనికి ఒక అబ్బాయి ఉన్నాడు, వేరే మతం వాడు. ఇద్దరు పిల్లలు బడికెళ్తారు.

సంఘంలో శిష్యులుగా బ్రతకాలని ప్రతి ఆదివారం వింటాం. లూకా 9:23లో సిలువ ఎత్తుకోవడం ‘ప్రతిదినము’ అని ఉంది. మా ప్రతిదినం మాత్రం కొట్టులోనే గడిచిపోతుంది. తెల్లవారుజామున గంట ప్రార్థన, వారానికో ఉపవాసం, బుధవారం గృహ కూడిక అన్నీ పెట్టుకోవడం, పదిరోజుల్లో వదిలేయడం, తర్వాత మనసులో పొడుచుకోవడం. ఇదే జరుగుతోంది.

నా సందేహాలు ఇవి. ఇంత పనిలో వాక్యం, ప్రార్థన ఎలా నిలబెట్టుకోవాలి? దశమ భాగం గల్లాపెట్టెలో పడ్డ డబ్బు మీదా, మిగిలిన దాని మీదా? ఆదివారం కొట్టు తీయాలా? అప్పు అడిగేవాళ్లతో ఎలా? కర్పూరం, అగరుబత్తీలు, సిగరెట్లు అమ్మొచ్చా? దయచేసి సందేశంలా కాకుండా, రేపు పొద్దున తలుపు తీశాక ఏం చేయాలో చెప్పండి.

తూకం సరి

సిస్టర్, వందనాలు. మీ ప్రశ్నలో ప్రార్థన మొదట ఉంది, కాటా ఊసే లేదు. నేను కాటాతో మొదలుపెడతాను. ఆమోసు 8:5-6 ఒకసారి చదవండి. ప్రవక్త అక్కడ గద్దిస్తున్నది విశ్రాంతి దినాన్ని మీరినవాళ్లని కాదు. ఆ రోజు కొట్టు మూసుకుని, ఇది ఎప్పుడు గడుస్తుందా, మళ్లీ ఎప్పుడు అమ్ముకుందామా అని కూర్చున్న వర్తకుల్ని. కొలపాత్ర చిన్నది చేసి, త్రాసు మార్చి, చచ్చు ధాన్యం బీదవాళ్లకి అంటగట్టేవాళ్లని. కిరాణా కొట్టు వాళ్ల కోసమే రాసినట్టుండే వచనాలు అవి.

కాటా ప్లేటు మీద రాసింది చూడండి. కొట్లలో ఎక్కువగా వాడే 30 కిలోల ఎలక్ట్రానిక్ కాటా మీద గరిష్ఠం 30 కిలోలు, కనిష్ఠం 100 గ్రాములు, అంకెకీ అంకెకీ తేడా 5 గ్రాములు అని ఉంటుంది. ఆ కనిష్ఠం కంటే తక్కువ సరుకు దాని మీద తూయకూడదు. 50 గ్రాముల జీలకర్ర పెడితే రెండు, రెండున్నర గ్రాములు అటూ ఇటూ అయినా అది 50 అనే చూపిస్తుంది. అంటే నూటికి ఐదు తేడా. యాలకులు, లవంగాలు, మిరియాల దగ్గర ఆ తేడా రూపాయల్లో తెలుస్తుంది. కాబట్టి సన్న సరుకుకి ముద్ర ఉన్న చిన్న కాటా వేరే పెట్టుకోండి, లేదా వాటిని కంపెనీ ప్యాకెట్లలోనే అమ్మండి.

ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి పడాలి. ఇనప గుండ్లు, లోహపు కొలపాత్రలు, చేతి త్రాసు లాంటివాటికి రెండేళ్లకోసారి. ముద్ర ఉందని ఏడాదంతా నిశ్చింతగా ఉండొద్దు. ముద్ర వేయించిన కిలో గుండు ఒకటి కొట్టులో ఉంచుకుని, పొద్దున తలుపు తీయగానే దాన్ని పళ్లెం మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో నాలుగుసార్లు పెట్టి చూడండి. మూలల్లో అంకె మారుతుంటే పళ్లెం కింద బిగింపు వదులైందనో, బల్ల ఎత్తుపల్లంగా ఉందనో అర్థం. పైన ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే అంకె నిలవదు. బ్యాటరీ దిగిపోతున్నప్పుడు కూడా అంతే. పొద్దున ప్రార్థన చేసుకునే ఆ రెండు నిమిషాల్లోనే గుండు కూడా పెట్టి చూడడం అలవాటు చేసుకోండి.

గిన్నె, కవరు, కాగితం బరువు సున్నా చేశాకే సరుకు వేయండి. బెల్లం, చింతపండు దగ్గర మందపాటి కాగితం బరువు సరుకులో కలిసిపోతుంది. అంకెలు కనబడే వైపు కొనేవాళ్ల దిక్కుకి తిప్పండి. చదువురాని వాళ్లకి పైకి చదివి చెప్పండి.

చిల్లర సంగతి చాలామంది పట్టించుకోరు. రెండు రూపాయలు ఇవ్వాల్సిన చోట చాక్లెట్ పెట్టడం అంటే అడగని సరుకు అమ్మడం. రోజుకి ముప్పై మంది దగ్గర రెండేసి రూపాయలంటే 60, నెలకి 1,800. బ్యాంకులో నాణేలు వందేసి ఉండే సంచుల్లో ఇస్తారు. వారానికి రెండు సంచులు తెచ్చుకుంటే ఆ చాక్లెట్ డబ్బా అవసరం ఉండదు.

ఇక నోటి మాట. ‘నాకు పడిందే అంత, ఒట్టు’ అనేది మన అంగళ్లలో ఊతపదంలా అయిపోయింది. మత్తయి 5:33-37 ప్రకారం ఒట్టూ వద్దు, అబద్ధమూ వద్దు. ‘ఇంతకంటే తగ్గించలేనండీ’ అంటే చాలు, కొన్న ధర ఎవరికీ చెప్పక్కర్లేదు. సరుకు లేనప్పుడు ‘రేపు వస్తుంది’ అనే బదులు ‘ఎప్పుడొస్తుందో తెలీదు, ఫలానా కొట్టులో దొరకొచ్చు’ అనండి. పక్క కొట్టు పేరు చెప్పడం మొదట్లో కష్టంగానే ఉంటుంది.

పాత సరుకు వెనక్కీ కొత్తది ముందుకీ పెడితే గడువు దాటిన ప్యాకెట్లు పేరుకుపోతాయి. కొత్తది ఎప్పుడూ వెనకే పెట్టాలి. నెలకోసారి అరలు మొత్తం దించి తేదీలు చూడండి. గడువుకి పదిహేను రోజులుందనగా విడిగా పెట్టి, సంగతి చెప్పి తక్కువ ధరకి ఇవ్వండి. దాటితే పారేయండి. పనిమనిషికి ‘ఊరికే’ ఇచ్చేయడం దానం కాదు.

చివరగా, నా లెక్కలో తూకమంత పెద్ద విషయం. యాకోబు 2:1-4లో బంగారు ఉంగరం వాడికీ, మాసిన బట్టల వాడికీ చూపే తేడా గురించి ఉంది. మన కొట్లలో ఆ తేడా ‘మీరు’, ‘నువ్వు’ అన్న మాటల్లో బయటపడుతుంది. మోటారు సైకిలు దిగినవాడు కుర్రాడైనా ‘రండి సార్’ అంటాం, కూలి నుంచి వచ్చిన అరవై ఏళ్ల ఆమెని ‘ఏం కావాలే’ అంటాం. చిల్లర కొందరికి చేతిలో పెడతాం, కొందరికి బల్ల మీద విసురుతాం. ఎవరికి ఎలా చేస్తున్నామో ఊరంతటికీ తెలుసు. పెద్దవాళ్లు ఏ పేట వాళ్లైనా ‘మీరు’ అనండి, చిల్లర అందరికీ చేతికే ఇవ్వండి, ముందొచ్చినవాళ్లకి ముందు కట్టండి. మీతో పాటు పని అబ్బాయి కూడా ఇలాగే చేయాలి. వాడు మిమ్మల్ని చూసే నేర్చుకుంటాడు.

పాత కీర్తన

తూకం సరి అన్నయ్య చెప్పిన దాంట్లో నాకు తేడా లేదు. నేను వాక్యం, ప్రార్థన వరకే చెప్తాను.

గంట ప్రార్థన నిలవకపోవడానికి మీ భక్తి తక్కువై కాదమ్మా. రాత్రి పదకొండు దాటాక పడుకునేవాళ్లు నాలుగున్నరకి లేస్తే అయిదో రోజుకి ఒళ్లు మొరాయిస్తుంది. తక్కువ పెట్టుకోండి, దాన్ని మాత్రం వదలొద్దు.

కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి అయిదు రోజులు, రోజుకి ఒకటి చదివితే 52 వారాలకి సరిగ్గా సరిపోతుంది. శని, ఆదివారాలు ఖాళీ. మధ్యలో తప్పిపోయినవి ఆ రెండు రోజుల్లో పూర్తి చేసుకోవచ్చు. వార్షిక పఠనాలు ఆగిపోయేది ఇలాంటి ఖాళీ లేకే. మామూలు అధ్యాయం పైకి చదవడానికి నాలుగైదు నిమిషాలు. లూకా 1లో 80 వచనాలున్నాయి, మత్తయి 26లో 75. అలాంటివి రెండు పూటలకి విడగొట్టండి. మార్కుతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే, మూడు వారాలు దాటగానే ఒక సువార్త అయిపోతుంది. ఫోనులో చదవొద్దని నా సలహా. డబ్బు పడిందన్న మోత వినగానే మనసు గల్లా మీదికి పోతుంది. అచ్చు బైబిలు ఒకటి కొట్టులోనే ఉంచండి.

చదివాక ‘ఈ రోజు దీన్ని ఎవరి దగ్గర, ఎలా చేయాలి?’ అన్న ఒక్క ప్రశ్నకి జవాబు క్యాలెండరు కాగితం వెనక రాసుకోండి. ‘దేవుడు ప్రేమగలవాడు’ అని రాస్తే సాయంత్రానికి ఏం మిగలదు. ‘నిన్న విసుక్కున్న పాలబ్బాయికి క్షమాపణ చెప్పాలి’ అని రాస్తే చేశామో లేదో రాత్రికి తెలుస్తుంది. దీనికి కొండమీది ప్రసంగం అన్నిటికంటే బాగా పనికొస్తుంది. మత్తయి 5 నుంచి 7 వరకు 111 వచనాలు. రోజుకి నాలుగు చొప్పున 28 రోజులు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్లు పలచగా ఉంటాయి. అప్పుడు ఒక కీర్తన. తేదీని బట్టి తీస్తే వెతుక్కోవక్కర్లేదు. 7వ తేదీన 7వ కీర్తన, వచ్చే నెల అదే తేదీకి 37, ఆ పై నెల 67. ఇలా అయిదు నెలల్లో 150 కీర్తనలూ అవుతాయి. 31వ తేదీ వస్తే మీకిష్టమైంది చదువుకోండి.

ఇంకో సంగతి. మీ దగ్గర అప్పు ఖాతా పుస్తకం ఉంటుంది కదా. రోజుకో పేజీ తెరిచి ఆ ఇంటి కోసం ప్రార్థించండి. బాకీ తీరాలని కాదు, ఆ ఇంట్లో జబ్బుతో ఉన్న ముసలాయన కోసం, పరీక్షలున్న పిల్ల కోసం. ఆ ఇంటి కోసం ప్రార్థించాక, ఆ మనిషి గుమ్మంలోకి రాగానే మొహం తిప్పుకోవడం మీ వల్ల కాదు.

కుటుంబ ప్రార్థన పావుగంట మించొద్దు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి పల్లవి, రెండు చరణాలు. పొద్దున చదివిన అధ్యాయంలోంచి పదిపదిహేను వచనాలు, పిల్లల చేత చదివించండి. ఒక్కొక్కరూ రెండు వాక్యాల ప్రార్థన. చివర ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ కలిసి. ఇది ఎక్కడ చెడుతుందంటే, తండ్రి దాన్ని ప్రసంగంగా మార్చినప్పుడు. ఇంకా ఎక్కువగా, ‘ప్రభువా, వీడికి చదువు మీద బుద్ధి పుట్టించు’ అని పిల్లవాడి తప్పుని అందరి ముందూ ప్రార్థనలో పెట్టినప్పుడు. పిల్లలు ప్రార్థనకి దూరమయ్యేది అక్కడే. పగలు గద్దించాల్సింది పగలే గద్దించండి.

భార్యాభర్తలు గల్లా దగ్గర మాటామాటా అనుకోవడం కొట్టున్న ప్రతి ఇంట్లో ఉండేదే. మత్తయి 5:23-24 ప్రకారం కానుక పక్కన పెట్టి ముందు సమాధానపడాలి. మీ సంఘంలో మొదటి ఆదివారం ప్రభు రాత్రి భోజనపు బల్ల అయితే, శనివారం రాత్రి కొట్టు కట్టేశాక పది నిమిషాలు దానికే కేటాయించండి.

ఉపవాసం గురించి ఒక్క మాట. కొట్టు రద్దీగా ఉన్న రోజు తిండి మానేసి వచ్చినవాళ్ల మీద విసుక్కోవడం కంటే, ఒక పూట భోజనం మాని ఆ బియ్యం, పప్పు ఎవరి ఇంటికైనా పంపడం యెషయా 58:7కి దగ్గర. బీపీ, షుగరు మందులు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా చేయొద్దు.

పని అబ్బాయిని ప్రార్థనకి కూర్చోమని అడగొద్దు. జీతం ఇచ్చే చేయి అడిగితే ఆ అబ్బాయి కాదనలేడు. అది ఆహ్వానం అవదు.

జమాఖర్చు

దశమ భాగం లెక్కలో పొరపాటు ఎందుకొస్తుందంటే, కొట్టు డబ్బూ ఇంటి డబ్బూ ఒకే గల్లాలో ఉండటం వల్ల. ముందు వాటిని విడదీయండి. రెండు డబ్బాలు, రెండు నోటు పుస్తకాలు. ఇంట్లో వాడిన సరుకు కూడా ధర కట్టి రాయండి.

ఉదాహరణకి ఒక రోజు అమ్మకం 8,000 అనుకుందాం. ఆ సరుకు కొన్న ధర 7,100. మిగిలింది 900. అద్దె, కరెంటు, జీతం రోజుకి 250 పడుతుందనుకుంటే నికరం 650. పదో వంతు 65 రూపాయలు. అమ్మకం మీద లెక్కేస్తే 800 ఇవ్వాలి, అది నికరం కంటే ఎక్కువ. ఆ డబ్బు హోల్‌సేల్ వాడికి ఇవ్వాల్సిన దాంట్లోంచి పోతుంది. ఇంకొకరి డబ్బుని కానుకగా వేయకూడదు కదా. నెలకోసారి లెక్క తేల్చి, ఇవ్వాల్సింది అప్పుడే విడిగా కవరులో పెట్టండి. 1 కొరింథీ 16:2లో పౌలు చెప్పింది కూడా ముందే తీసి నిలవ చేయమని. ఆదివారం పొద్దున జేబు తడుముకోమని కాదు.

వరుస ఇలా ఉండాలి: పని అబ్బాయి జీతం, సరుకు బాకీ, ఆ తర్వాత నికరం, దాంట్లోంచి కానుక, ఆ తర్వాత ఇల్లు. జీతం మొదట పెట్టింది ద్వితీయోపదేశ 24:15 వల్ల. చెప్పిన తేదీకి, అడగకముందే ఇవ్వాలి. పండగ ముందు ‘తర్వాత చూద్దాం’ అంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనికి పెట్టుకోవడం చట్టరీత్యా నేరం, ఎంత బీదవాళ్లకి సాయం అనుకున్నా సరే.

తల్లిదండ్రుల మందుల డబ్బు ఆపి కానుక వేయడాన్ని మార్కు 7:11-13లో ప్రభువు తప్పుపట్టాడు. ఇది మా సంఘాల్లో తక్కువగా బోధిస్తారు.

చేతిలో నోట్లు లేనివాళ్లు కూడా ఇచ్చే దారి మన పల్లె సంఘాల్లో పాతదే, వండే ముందు పిడికెడు బియ్యం తీసి పెట్టడం. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు ఇవ్వడాన్ని శిష్యత్వంలో భాగంగా నేర్పించారు, బీద సంఘాలకి కూడా. మీ ఇంట్లో పిల్లలకి ఆ డబ్బా అప్పగించండి.

ఇక అప్పు. ఖాతా మీద తీసుకునేవాళ్లకి చెప్పకుండా కిలోకి రెండు మూడు రూపాయలు ఎక్కువ వేయడం చాలా కొట్లలో ఉంది. అది దాచిపెట్టిన వడ్డీ, పైగా బీదవాళ్ల మీద వడ్డీ. నిర్గమ 22:25 దీన్ని సూటిగా వద్దంటుంది. నగదుకీ అప్పుకీ ఒకే ధర పెట్టండి. ఇచ్చే అప్పుకి మాత్రం హద్దు ఉండాలి. ఇంటికి 2,000 అనుకుంటే అంతే, బంధువులకీ అంతే. రాసేటప్పుడు వాళ్ల ఎదుటే రాసి, చదివి వినిపించి, వాళ్ల చిన్న పుస్తకంలో కూడా అదే అంకె వేయండి. శనివారం ఆ అంకెలు కూడి మొత్తం వేయండి. బాకీ పదిమంది ముందు అడగొద్దు.

తిరిగి రాదని తెలిసిన చోట అప్పుగా రాయకండి. అరకిలో పప్పు, కిలో బియ్యం ఊరికే ఇచ్చి, ఆ సంగతి అక్కడితో మర్చిపోండి. ఇచ్చిందాన్ని ఖాతాలో ఉంచి ఏడాదంతా ఆ మనిషిని చూసి మొహం ముడుచుకోవడం కంటే ఇదే చవక. దీనికి నెలకి ఒక హద్దు, ఉదాహరణకి 1,000 రూపాయలు, ముందే పెట్టుకోండి. అది అయిపోతే ‘ఈ నెల కుదరదమ్మా’ అని మెత్తగా చెప్పండి.

మీరు అప్పు తెచ్చేటప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 అని గుర్తుంచుకోండి. కొట్టు నికరం అమ్మకంలో ఎనిమిదో వంతు కూడా లేనప్పుడు ఆ వడ్డీకి సరుకు నింపితే మునగడమే. పక్కవాడి నోటు మీద హామీ సంతకం విషయంలో సామెతలు 6:1-5, 22:26-27 చదివాకే పెన్ను పట్టండి.

పొరుగింటి పుల్లకూర

ఆదివారం గురించి ఎవరూ చెప్పలేదు. ఉదయం 9 నుంచి 1 దాకా మూయండి. బోర్డు రాసి శుక్రవారం నుంచే తగిలించండి, శనివారం రాత్రి అరగంట ఎక్కువ తీయండి. వచ్చేవాళ్లు నెలలో అలవాటు పడతారు. మీరు ఆరాధనకి వెళ్లి పని అబ్బాయిని కొట్టులో కూర్చోబెట్టడం మాత్రం వద్దు. ద్వితీయోపదేశ 5:14లో దాసుడికి కూడా నీలాగే విశ్రాంతి అని ఉంది. వాడికి వారంలో ఒక పూర్తి రోజు సెలవు, జీతం కోయకుండా.

కర్పూరం, అగరుబత్తీలు, పసుపు, కుంకుమ విషయంలో సంఘాలన్నీ ఒక మాట మీద లేవు. 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివితే పౌలు మనస్సాక్షికి చాలా చోటిచ్చాడని తెలుస్తుంది. పసుపు, కొబ్బరికాయ వంటకీ వాడతారు. దేవుడి పటాలు, పూజ సెట్ల దగ్గర కొందరు ఆగుతారు. మీ ఇద్దరిలో ఒకరికి సందేహం ఉంటే, రోమా 14:23 ప్రకారం అది అమ్మకండి. అమ్మకపోతే అడిగినవాళ్లతో ‘మా దగ్గర లేదండీ, పక్క వీధిలో ఉంటుంది’ అనండి చాలు. అక్కడ వాళ్ల పూజ మీద ఒక్క మాట కూడా వద్దు.

ప్రసాదం తెచ్చినప్పుడు లేచి నిలబడి, నవ్వుతూ ‘మేం తీసుకోమండీ, ఏమనుకోకండి, మీరు గుర్తుపెట్టుకుని తెచ్చారు, అదే సంతోషం’ అంటే నొచ్చుకునేవాళ్లు తక్కువ. తీసుకుని వెనకాల పారేయడం రెండు వైపులా తప్పు. వినాయక చవితి చందాకి వచ్చినప్పుడు ఇవ్వలేమని చెప్పి, ఊరేగింపు రోజు దారిలో మంచినీళ్లు పెట్టడం మన వాళ్లు చాలామంది చేస్తారు.

సిగరెట్లు మానేయండి. 2003 చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్లకి పొగాకు అమ్మడం నేరం, బడికి వంద గజాల లోపు అమ్మడమూ నేరమే. అంత వరకూ అందరికీ వర్తిస్తుంది. మనకి అంతకు మించి ఉంది. ఎవరి ఊపిరితిత్తులు పోతున్నాయో పేర్లతో సహా తెలిసి అమ్ముతున్నాం. ఉన్న సరుకు అయ్యాక కొత్తది తేవద్దు.

జమాఖర్చు

పై మాటలో ఒక్క చోట ఒప్పుకోను. ‘ఉన్నది అయ్యాక’ అంటే ఎప్పటికీ అవదు, ఏజెంటు మధ్యలో కొత్త పెట్టె దించి వెళ్తాడు. మిగిలింది ఏజెంటుకి తిప్పి పంపండి, తీసుకోకపోతే నష్టం రాసుకోండి. లూకా 14:28లో గోపురం కట్టేవాడు ముందే కూర్చుని లెక్క వేసినట్టు, సిగరెట్ల మీద నెలకి ఎంత మిగులుతోందో, సిగరెట్టు కోసం వచ్చి వేరే సరుకు కొనేవాళ్లు ఎందరో రాసుకోండి. ఎంత తగ్గుతుందో ముందే తెలిస్తే రెండో నెల మనసు మారదు.

కొట్టుగుమ్మం

అందరికీ చాలా వందనాలు. మీరు చెప్పినవన్నీ ఇద్దరం కూర్చుని చదివాం. ఇప్పుడు ఇంకో సంగతి అడగాలి. మా కొట్టులో విడి నూనె లీటరు డబ్బాతో కొలిచి ‘కిలో’ అని కిలో ధర తీసుకోవడం మామగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఇది తప్పేనా? తప్పయితే ఇన్నాళ్లదీ ఎలా సరిదిద్దాలి? ఎవరెవరు కొన్నారో కొందరివి ఖాతాలో ఉన్నాయి, కొందరివి లేవు.

తూకం సరి

తప్పే సిస్టర్. నూనె నీళ్ల కంటే తేలిక. లీటరు నూనె 910 గ్రాములకి కాస్త అటూ ఇటూ తూగుతుంది. అంటే కిలోకి 90 గ్రాములు తక్కువ పడుతోంది. ముందు రేపే ఆ డబ్బా తీసేయండి. అసలు ప్యాక్ చేయని వంటనూనె అమ్మకాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధిస్తాయి, రాష్ట్రం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప. కాబట్టి ప్యాకెట్లకి మారండి. ప్యాకెట్టు మీద లీటరు ఉంటే లీటరు అనే చెప్పండి, కిలో అనొద్దు.

జరిగిపోయిన దానికి లేవీయ 6:1-5లో పద్ధతి ఉంది: అసలు తిరిగి ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8), అది ఆయన సంతోషం. మీరు అయిదో వంతుతో మొదలుపెట్టండి.

లెక్క ఇలా. ఖాతాలో ఒక ఇల్లు నెలకి రెండు కిలోలు కొన్నట్టు ఉంటే ఏడాదికి 24 కిలోలు. 24 సార్లు 90 గ్రాములంటే 2,160 గ్రాములు. అయిదో వంతు 432. మొత్తం 2,592, అంటే రెండు కిలోల ఆరువందలు. మూడు లీటరు ప్యాకెట్లు ఇస్తే సరిపోయి కాస్త ఎక్కువే అవుతుంది. ఖాతా పుస్తకాలు ఎన్నేళ్లవి ఉంటే అన్నేళ్లకి వేయండి. ఒకేసారి కొట్టు భరించలేకపోతే నెలకి అయిదు ఇళ్ల చొప్పున, పుస్తకంలో గీత కొట్టుకుంటూ వెళ్లండి. బీద ఇళ్లతో మొదలుపెట్టండి, పెద్ద ఇళ్లు ఆగగలవు.

పేర్లు తెలియని వాళ్లది అమ్మకాన్ని బట్టి అంచనా కట్టి, ఆ మొత్తం విడిగా పెట్టి బీదలకి ఇవ్వండి. ఇది మీ దశమ భాగంలోంచి తీయకూడదు, ఇది మీ డబ్బు కాదు కాబట్టి. సంఘ కానుకల పెట్టెలో వేసి పేరు చదివించుకోవడమూ వద్దు.

ఇచ్చేటప్పుడు ఇంటికి వెళ్లి, నిలబడి, మూడు మాటలు చెప్పండి: ‘నూనె లీటరు పోసి కిలో అని తీసుకున్నాం. అది తప్పు. ఇది మీకు రావాల్సింది.’ మామగారి మీదికి నెట్టకండి. సాక్ష్యం చెప్పడం, ఆదివారం కూడికకి రమ్మనడం అప్పుడు వద్దు, ఫోటో అసలు వద్దు. కొందరు కోప్పడతారు, ‘ఇంకా దేంట్లో మోసం చేశారో’ అంటారు. ఆ మాట పడాలి. అడిగితే కాటా, కిలో గుండు చూపించి వాళ్ల చేతే తూయించండి. కొందరు ‘ఎందుకులెండి’ అని తీసుకోరు. రెండుసార్లు అడిగి, అప్పటికీ వద్దంటే బీదల లెక్కలో వేసి, ఖాతాలో వాళ్ల పేరు పక్కన అలాగే రాయండి.